ఈ జాబితా ఎవరిది?

ఒకరు రాసిన కోడ్‌ను ఇంకొకరు చూసి సరే అనడమే రివ్యూ. అలా వచ్చిన కోడ్‌లో ఈనమ్, అంటే ఒకదానికి ఉండగల విలువలన్నిటికీ ముందే పేర్లు రాసిపెట్టిన జాబితా, కనిపిస్తే చాలామంది దాన్ని చదవరు, చూసి వదిలేస్తారు. చూడ్డానికి అది అంత బుద్ధిగా ఉంటుంది మరి. ఐదారు పేర్లు, మధ్యలో కామాలు, అటూ ఇటూ బ్రాకెట్లు. లూపు లేదు, లెక్క లేదు, ఇందులో తప్పేం దొర్లుతుందిలే అనిపిస్తుంది. పక్క ఫైల్లో ఉన్న పొడుగాటి ఫంక్షన్ మీద పడి వేరియబుల్ పేర్ల దగ్గర్నుంచి ఖాళీ లైన్ల దాకా కామెంట్లు రాస్తారు. ఈనమ్ ఉన్న ఫైలుకు మాత్రం ఒక బొటనవేలు బొమ్మ పెట్టి అప్రూవ్ కొట్టేస్తారు.

నేను ముందు ఈనమ్ దగ్గరే ఆగుతాను. ఫంక్షన్‌లో తప్పుంటే టెస్టింగ్‌లో దొరుకుతుంది, లేదంటే మర్నాడు పొద్దున్నే క్లయింటు ఫోన్ చేసి మరీ చెబుతాడు. ఈనమ్‌లో తప్పు ఏళ్లు గడిచాక గానీ బయటపడదు. అప్పటికి దాని మీద గుట్టలకొద్దీ రికార్డులు పేరుకుని ఉంటాయి. ఫంక్షన్ దిద్దితే పోతుంది, పేరుకున్న డేటాను దిద్దాలంటే చుక్కలు కనిపిస్తాయి.

ఈనమ్ రాసినవాళ్లు తెలిసో తెలియకో ఒక మాట ఇస్తున్నారు: ఇవి ఇన్నే, ఇంకోటి రాదు. వారంలో రోజులు ఏడు అంటే ఆ మాట నిలబడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు పదమూడు అంటే నిలబడలేదు. అందుకని నా మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. ఈ జాబితాలో కొత్త పేరు చేర్చే అధికారం ఎవరిది? మన టీమ్‌దా, క్లయింటుదా, ప్రభుత్వానిదా, ఎక్కడో ఉన్న ఇంకొకరి సర్వర్‌దా? దీనికి జవాబు తెలిస్తే రివ్యూ సగం అయిపోయినట్టే. జవాబు తెలియకుండా పేర్లు క్యాపిటల్ అక్షరాల్లో ఉన్నాయా లేదా అని చూడ్డం టైమ్ వేస్టు.

మేం అనంతపురంలో కూర్చుని చేసే పని గొప్పగా చెప్పుకునేదేమీ కాదు. చీనీ (బత్తాయి) మండీలు, వేరుశనగ మిల్లులు, కాటాలు, డ్రిప్పు పరికరాలు అమ్మే కొట్లు. వాటికి కావలసిన గేటు ఎంట్రీ, లాట్ల లెక్క, బిల్లింగ్. ఎక్కువ భాగం జావా, ఫోన్ యాప్ కాట్లిన్, అక్కడక్కడా పైథాన్ స్క్రిప్టులు. ఇలాంటి పనిలో ప్రతి రెండో ఫైల్లో ఒక జాబితా ఉంటుంది, ప్రతి జాబితాకూ బయట ఎక్కడో ఒక యజమాని ఉంటాడు.

ఒక పాత ప్రోగ్రాం సంగతి చెబుతాను. దాన్ని రాసినవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు, నడిపించే బాధ్యత మాకు వచ్చింది. గేటు దగ్గర బండి నంబరు కొడితే ఏ జిల్లా సరుకో అదే నింపేస్తుంది. ఏపీ 02 అంటే అనంతపురం, 03 చిత్తూరు, 04 కడప, 21 కర్నూలు, కేఏ 34 వస్తే బళ్లారి. తెలివైన పనే. రద్దీలో గేటు కాడ కూర్చున్న కుర్రాడికి ఒక గడి నింపే పని తప్పింది. జిల్లాలన్నీ ఒక ఈనమ్‌లో, నంబరు ఇదైతే ఈ జిల్లా, అదైతే ఆ జిల్లా అని తేల్చే స్విచ్ ఒకటి, ఆ స్విచ్ చివర దేనికీ సరిపోకపోతే తీసుకునే డిఫాల్ట్. డిఫాల్ట్‌లో ఏముందంటే అనంతపురం. తెలియని బండి వస్తే అది చాలామటుకు మన ఊరిదే అయ్యుంటుందని రాసినవాళ్ల ధీమా.

2019 జనవరి చివర్లో రాష్ట్రం మొత్తానికి కొత్త బండ్లకు ఒకే సిరీస్ పెట్టారు, ఏపీ 39. ఆ నంబరు చూసి జిల్లా చెప్పడం ఇక ఎవరి తరమూ కాదు. ఈ సంగతి రోడ్డు మీద అందరికీ తెలుసు, ప్రోగ్రాంకి మాత్రం తెలియదు. ఏపీ 39 వస్తుంది, స్విచ్‌లో వెతుకుతుంది, దొరకదు, డిఫాల్ట్‌లో పడుతుంది. పులివెందుల నుంచి కొత్త బొలేరో వచ్చినా అనంతపురమే, డోన్ నుంచి వచ్చినా అనంతపురమే. ఎర్రర్ లేదు, లాగ్‌లో ఒక్క లైను లేదు. రిపోర్టులో మాత్రం అనంతపురం సరుకు ఏటేటా పెరుగుతోంది, కడప, కర్నూలు సరుకు ఏటేటా తగ్గుతోంది. ఆ రిపోర్టు చూసే పెద్దమనుషులు దానికో కారణం కూడా కనిపెట్టారు, కడప వైపు రైతులు వేరే మార్కెట్లకు పోతున్నారని. పాత బండ్లు మూలపడి కొత్తవి వచ్చేకొద్దీ తప్పు కొంచెం కొంచెంగా పెరిగింది. ఒక్కరోజులో అంకెలు తారుమారై ఉంటే ఎవరో ఒకరు పట్టుకునేవాళ్లే.

దీన్ని విన్నవాళ్లు చాలామంది "జిల్లాల లిస్టులో ఒకటి మర్చిపోయారు" అంటారు. ఎవరూ ఏదీ మర్చిపోలేదు. రాసిన రోజుకి ఆ లిస్టు పక్కాగా ఉంది. బండి నంబర్ల జాబితా రవాణా శాఖది. దాన్ని మనది అనుకుని ప్రోగ్రాంలో బిగించేశారు, ఆపైన ఆ శాఖ మార్చినా మనకు తెలియకుండా ఉండేలా డిఫాల్ట్ ఒకటి కప్పారు. మొదటిది పొరపాటు అనుకోవచ్చు. రెండోదాన్ని మాత్రం మన వాళ్లు మంచి అలవాటు అనుకుంటారు, అసలు గొడవ అక్కడుంది.

"స్విచ్ రాస్తే డిఫాల్ట్ తప్పనిసరి" అని కాలేజీలోనే నూరిపోస్తారు. కోడ్‌లో లోపాలు వెతికే కొన్ని లింటర్లు కూడా డిఫాల్ట్ లేదని పసుపు గీత గీస్తాయి. అది చూసి రివ్యూయర్ కామెంట్ రాస్తాడు, "డిఫాల్ట్ పెట్టండి, సేఫ్". ఎవరికి సేఫ్? మన సొంత ఈనమ్ మీద రాసిన స్విచ్‌లో డిఫాల్ట్ పెట్టడమంటే, రాసిన కోడ్‌ను సరిచూసి మెషీన్‌కు అర్థమయ్యేలా మార్చే కంపైలర్ నోరు నొక్కడం. రేపు నేను ఈనమ్‌లో కొత్త పేరు చేరిస్తే, దాన్ని పట్టించుకోని చోట్లన్నీ కంపైలర్ నాకు వరసగా చూపించగలదు. డిఫాల్ట్ ఉంటే చూపించదు. దాని దృష్టిలో అన్ని కేసులకూ జవాబు రాసి ఉంది కదా.

ఈ విషయంలో భాషలన్నీ ఒకే దారిలో నడుస్తున్నాయి, మన అలవాటే వెనకబడింది. రస్ట్‌లో మ్యాచ్ (అక్కడి స్విచ్) రాస్తే అన్ని కేసులూ ఉండి తీరాలి. జావాలో పాత పద్ధతి స్విచ్ ఏది వదిలేసినా గమ్మున పోయేది. 2020 మార్చిలో వచ్చిన జావా 14 నుంచి స్విచ్‌ను ఎక్స్‌ప్రెషన్‌గా, అంటే ఒక విలువ తిరిగిచ్చేలా రాయొచ్చు, అందులో ఈనమ్ పేరు ఒకటి వదిలితే కంపైలే కాదు. కాట్లిన్‌లో స్విచ్ లాంటి వెన్‌ను ఉత్త స్టేట్‌మెంట్‌గా రాస్తే ఇదివరకు హెచ్చరికతో సరిపెట్టేది, 2022లో వచ్చిన 1.7 నుంచి అదీ ఎర్రరే. పైథాన్‌లో 3.11 నుంచి వదిలేసిన కేసును పట్టించే అసర్ట్ నెవర్ ఉంది, టైప్ చెకర్ నడిపే అలవాటుంటే పనికొస్తుంది. సీ, సీ ప్లస్ ప్లస్ వాళ్లకు జీసీసీ కంపైలర్ హెచ్చరికలు ఆన్ చేస్తే వదిలేసిన కేసు చెబుతుంది, కానీ డిఫాల్ట్ కనిపించగానే అదీ నోరు మూసుకుంటుంది. డిఫాల్ట్ ఉన్నా చెప్పమనడానికి వేరే ఫ్లాగు పెట్టుకోవాలి. గో సంగతి వేరు. అందులో ఈనమే లేదు, అయోటాతో అంకెలకు పేర్లు పెట్టుకోవడమే, బయటి లింటర్ మీద ఆధారపడాలి.

మా టీమ్‌లో చేరిన కొత్తమ్మాయి దీని మీద నాతో గట్టిగానే వాదించింది. "డిఫాల్ట్ లేకుంటే ప్రోగ్రాం నిలబడిపోతుంది గదన్నా. అవతల రైతు బండేసుకుని గేటు కాడ ఉంటాడు. తప్పో ఒప్పో ఒక జిల్లా పడితే ఆయప్ప లోపలికన్నా పోతాడు."

ఇది కొట్టిపారేసే మాట కాదు. గేటు కాడ మధ్యాహ్నం ఎండలో లైను ఆగితే ఏమవుతుందో నేనూ చూశాను. కానీ ఇందులో రెండు వేరువేరు చోట్లు కలిసిపోయాయి. గేటు అంటే హద్దు. బయటి లోకం నుంచి ఏదైనా రావచ్చు, అక్కడ తెలియనిదాన్ని తెలియనిది అనే పేరుతోనే లోపలికి రానివ్వాలి. "నంబరును బట్టి జిల్లా తెలియలేదు, మీరే ఎంచుకోండి" అని కుర్రాడికి స్క్రీన్ మీద అడిగితే అయిపోయె. బండి ఆగదు, అబద్ధమూ రాసుకోం. హద్దు దాటాక లోపల తిరిగే విలువలన్నీ మనం పేరు పెట్టినవే, అక్కడ రాసే స్విచ్‌లో డిఫాల్ట్‌కు పని లేదు. "మరి లోపల కూడా తెలియనిది అనే కేసు ప్రతి చోటా రాయాలి గదా?" అంది. రాయాలి. కమీషన్ లెక్కలో తెలియని జిల్లాకు ఏం చేయాలి, రిపోర్టులో దాన్ని ఏ వరసలో చూపాలి అని ఒక్కోచోట ఆగి ఆలోచించడం కష్టమే. ఆ కష్టం తప్పించుకోవడానికే ఇదివరకటివాళ్లు అనంతపురం అని రాశారు.

ఇక డేటాబేస్. ఇక్కడ నేను కొంచెం కఠినంగా ఉంటాను, మొహమాటపడను.

ఒక లాటుకు నాలుగు దశలు ఉన్నాయనుకోండి: వచ్చింది, తూకమైంది, పాటైంది (వేలం ముగిసింది), డబ్బిచ్చాం. ఈ ఈనమ్‌ను టేబుల్లో ఎలా దాచుకోవాలో ఏమీ చెప్పకపోతే జావాలో డేటాబేస్ పని చూసే జేపీఏ దాని వరస నంబరే రాస్తుంది. అంటే 0, 1, 2, 3. బాగానే నడుస్తుంది. కొన్నాళ్లకు గ్రేడింగ్ కావాలన్నారు. పద్ధతి గల ప్రోగ్రామర్ ఎవరైనా దాన్ని ఎక్కడ పెడతారు? తూకానికీ పాటకీ మధ్యలో, అసలు పని జరిగే వరసలోనే. రివ్యూలో కనిపించేది కొత్తగా చేరిందని చెప్పే ఒకే ఒక్క పచ్చ లైను: "గ్రేడయింది". తీసేశారని చెప్పే ఎర్ర లైను ఒక్కటీ లేదు. ఇంతకంటే అమాయకమైన మార్పు ఉండదు. కానీ ఆ క్షణం నుంచి టేబుల్లో పాత 2 అంటే పాటైంది కాదు, గ్రేడయింది. పాత 3 అంటే డబ్బిచ్చాం కాదు, పాటైంది. డబ్బు ముట్టిన లాట్లన్నీ మళ్లీ చెల్లింపు లిస్టులోకి వచ్చి కూర్చుంటాయి. టెస్టులు పాసవుతాయి, ఎందుకంటే టెస్టులు కొత్త డేటా సృష్టించుకుని కొత్త అర్థంతోనే చదువుకుంటాయి. ఈ వరస నంబరు ఇచ్చే మెథడ్‌తో చాలామంది ప్రోగ్రామర్లకు పనే ఉండదని జావా డాక్యుమెంటేషనే చెబుతుంది. అయినా జేపీఏ లాంటి ఫ్రేమ్‌వర్క్ చేతిలో అది చల్లగా వాడకంలోకి వచ్చేస్తుంది. అందుకే ఈనమ్‌లో మధ్యలో లైను చేరినా, ఎవరో ముచ్చటపడి పేర్లను అక్షరక్రమంలో సర్దినా, నేను ముందు టేబుల్ చూపించమంటాను.

పేర్ల వరసను నంబరుతో ముడేస్తే ఏమవుతుందో, ముడేయకపోతే ఎంత హాయో మన బండి నంబర్లే చెబుతాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఆ నంబర్లు ఇంగ్లిష్ అక్షరక్రమంలో ఇచ్చారు. ఆదిలాబాద్ 01, అనంతపురం 02, చిత్తూరు 03, కడప 04, తూర్పు గోదావరి 05. కడప అక్కడికి ఎలా వచ్చిందంటే అప్పట్లో దాని స్పెల్లింగ్ సీ అక్షరంతో మొదలయ్యేది. 2005లో ఆ స్పెల్లింగ్ మార్చి కే అక్షరంతో రాయడం మొదలుపెట్టారు. అక్షరక్రమమే శాసనమైతే ఆ రోజు కడప వెనక్కి జరిగి హైదరాబాద్ తర్వాత నిలబడాలి, తూర్పు గోదావరి 04 కావాలి, మధ్యలో ఉన్న జిల్లాల్లో ప్రతి స్కూటర్‌కూ కొత్త ప్లేటు కొట్టించుకోవాలి. రవాణా శాఖ ఆ పని చేయలేదు. 04 కడపదే అయింది. 2010లో జిల్లాకు వైఎస్సార్ పేరు పెట్టారు, 2025లో వైఎస్సార్ కడప అన్నారు, పాత బండి మీద 04 చెక్కు చెదరలేదు. తెలంగాణ విడిపోయాక హైదరాబాద్ బండి మీద ఏపీ పోయి టీఎస్ వచ్చింది, 2024లో టీఎస్ పోయి టీజీ వచ్చింది, 09 అలాగే ఉంది. ఒకసారి ఇచ్చిన నంబరుకు అర్థం మార్చకూడదన్న ఇంగితం ఆ శాఖకు ఉంది, మన ఫ్రేమ్‌వర్క్‌కు లేదు.

దీనికి అందరూ చెప్పే మందు ఒకటుంది: నంబరు వద్దు, ఈనమ్ పేరునే స్ట్రింగ్‌గా దాచు. నంబరు కంటే మెరుగే, ఒప్పుకుంటాను. కానీ అక్కడితో ఆగిపోవడం నాకు నచ్చదు. ఎడిటర్‌లో రైట్ క్లిక్ కొట్టి రీనేమ్ అంటే ప్రాజెక్టు మొత్తంలో పేరు మారిపోతుంది, డేటాబేస్‌లో మారదు. మార్చినవాళ్లకు అది ఉత్త రీఫ్యాక్టరింగ్, పని మారకుండా కోడ్‌ను సర్దుకోవడం. కోడ్‌లో పిలుచుకునే పేరు, టేబుల్లో దాచే గుర్తు, స్క్రీన్ మీద కనిపించే మాట, ఈ మూడూ వేరువేరు. ప్రతి ఈనమ్ విలువకూ మన చేత్తో రాసిన చిన్న కోడు ఒకటి ఉండాలి, దాన్ని చచ్చినా మార్చకూడదు. రెండు మూడు అక్షరాలు చాలు. తెలుగు మాటలు, రంగులు, ఎస్సెమ్మెస్ వాక్యాలు ఈనమ్‌లో కూరడం కూడా నాకు పడదు. ఎవరో "చెల్లింపు" అనే మాటను "డబ్బు" అని మార్చాలన్నందుకు సర్వర్ రిలీజ్ చేయాల్సిన ఖర్మ ఏంటి?

డేటాబేస్ వాళ్లే ఇచ్చే ఈనమ్ టైపుల గురించి ఎక్కువ చెప్పను. మై ఎస్క్యూఎల్‌లో ఆ కాలమ్ మీద సార్ట్ చేస్తే అక్షరక్రమం రాదు, లోపలి నంబరు వరస వస్తుంది. తప్పు విలువను ఆపే స్ట్రిక్ట్ మోడ్ లేకపోతే దాని బదులు ఖాళీ స్ట్రింగ్ పెట్టుకుని ఊరుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ కొంచెం పద్ధతిగా ఉంటుంది, 9.1 నుంచి కొత్త విలువ చేర్చుకోవచ్చు, కానీ చేర్చింది తీసేయడానికి నేరుగా దారి లేదు. నేనైతే మామూలు కాలమ్ పెట్టి, దాంట్లో ఏ విలువలు రావచ్చో చెప్పే చెక్ పెడతాను.

ఇప్పుడు ప్రభుత్వం చేతిలో ఉన్న జాబితాలకు వద్దాం. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు పదమూడు నుంచి ఇరవయ్యారు అయ్యాయి. మన వైపు చూస్తే అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి, కర్నూలు నుంచి నంద్యాల, కడప నుంచి అన్నమయ్య, చిత్తూరు నుంచి తిరుపతి. ఇప్పటికీ మాటల్లో "సీమ నాలుగు జిల్లాలు" అనేస్తాం, ఎనిమిది అయిన సంగతి గుర్తుండదు. మనుషులు అలా అనొచ్చు, ఏం కాదు. ప్రోగ్రాంలో జిల్లాను ఈనమ్‌గా రాసుకున్నవాళ్లు ఆ ఏప్రిల్‌లో పడిన టెన్షన్ నాకు తెలుసు. కొత్త పేర్లు చేర్చడం ఒక పూట పని. అసలు చిక్కు వేరే చోట వచ్చింది. 2021లో హిందూపురం నుంచి వచ్చిన లాటు అనంతపురం జిల్లాది. 2023లో అదే ఊరి నుంచి, అదే రైతు తెచ్చిన లాటు శ్రీ సత్యసాయి జిల్లాది. రెండేళ్లనూ పోల్చే రిపోర్టు తీస్తే ఏది దేంట్లో కలపాలి? ఈ ఊరు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఈ జిల్లాలో ఉంది అని చెప్పడానికి ఈనమ్‌లో చోటే లేదు. టేబుల్లో రెండు తేదీ కాలమ్‌లు పెడితే ఉంది. పైగా కేంద్ర పంచాయతీరాజ్ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి జిల్లాకూ మండలానికీ ఊరికీ ఒక కోడు ఇచ్చే ఉంచింది. యజమాని తయారుచేసిన జాబితా చేతిలో ఉండగా మన సొంత వరస రాసుకోవడం దేనికి?

చేర్చడం కంటే తీసేయడం ప్రమాదం. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ శ్లాబులు మారాయి. పొగాకు లాంటివి పక్కన పెడితే 12 శాతం, 28 శాతం పోయి, 5, 18 మిగిలి, కొన్నింటికి 40 వచ్చింది. డ్రిప్పు, స్ప్రింక్లర్ పరికరాలు 12 నుంచి 5కి దిగాయి. అనంతపురంలో డ్రిప్పు కొట్టు ఓనర్‌కు ఇంతకంటే పెద్ద వార్త ఏముంటుంది! అప్పుడు రివ్యూకి వచ్చిన ఒక మార్పులో 40 శాతం చేర్చారు, పన్నెండు శాతం అనే లైనును శుభ్రంగా తీసేశారు. "ఇక వాడం కదన్నా" అని వివరణ. కొత్త బిల్లుల్లో వాడం, నిజమే. ఆగస్టులో పైపులు కొన్న రైతు అక్టోబర్‌లో పాత బిల్లు పట్టుకుని కాపీ కావాలని వస్తే? టేబుల్లో 12 ఉంది, ఈనమ్‌లో లేదు, జావా ఎక్సెప్షన్ (ఎర్రర్) విసిరేస్తుంది, బిల్లు తెరుచుకోదు. ఆ మార్పును వెనక్కి పంపాను. శాతం అనేది ప్రభుత్వం మార్చే అంకె, దాన్ని తేదీలతో సహా టేబుల్లో పెట్టమన్నాను. మన సొంత ఈనమ్ అయినా సరే, ఒక్కసారి డేటాబేస్‌లో పడిన విలువను తీసేయడానికి నేను ఒప్పుకోను. రిటైర్ అయిందని ఒక గుర్తు పెట్టి, కొత్త ఎంట్రీ స్క్రీన్‌లో కనిపించకుండా చేస్తే సరిపోతుంది.

ఫోన్ యాప్‌ది ఇంకో తరహా. మండీలో ఉన్నవాళ్లు యాప్ అప్‌డేట్ చేయరు. స్టోరేజ్ ఫుల్, నెట్ వీక్, అన్నిటికంటే ముఖ్యంగా "నడుస్తున్నదాన్ని కదిలించడం ఎందుకు" అనే సిద్ధాంతం. సర్వర్‌లో మనం "గ్రేడయింది" అనే దశ చేర్చిన రోజున బయట ఎన్ని పాత వెర్షన్లు తిరుగుతుంటాయో! ఆ పాత యాప్‌కు ఇరవై లాట్లు పంపితే, అందులో ఒక్కదాని దశ దానికి అర్థం కాకపోతే, చాలా యాప్‌లు ఇరవైనీ పారేసి ఎర్రర్ చూపిస్తాయి. మన ఈనమే, మన సర్వరే, కానీ ఆ పాత యాప్ వైపు నుంచి చూస్తే జాబితా బయటివాళ్లది. ప్రోగ్రాంల మధ్య డేటా పంపడానికి వాడే ప్రోటోబఫ్ మూడో వెర్షన్‌లో ఈనమ్ మొదటి విలువ సున్నా అయి తీరాలని, దాన్ని "చెప్పలేదు" అనే అర్థానికి వదిలేయమని పెట్టింది ఇలాంటి బాధలు పడ్డవాళ్లే. రివ్యూలో నేను అడిగేది: తెలియని విలువ వస్తే యాప్ దాన్ని పారేస్తుందా, లేక వచ్చిన మాట వచ్చినట్టు దాచి "కొత్త దశ, యాప్ అప్‌డేట్ చేయండి" అని చూపిస్తుందా?

ఇంత చెప్పాక "అయితే ఈనమ్‌లే వద్దు, అన్నీ టేబుళ్లే చేసేద్దాం" అనేవాళ్లు బయల్దేరతారు. అది ఇంకో జబ్బు. దశలను టేబుల్లో పెట్టి, కోడ్‌లో "ఐడీ 7 అయితే డబ్బు పంపు" అని రాసేవాళ్లను చూశాను. ఆ 7 ఏంటో కంపైలర్‌కు తెలియదు, రాసినవాళ్లకు కూడా ఆరు నెలల తర్వాత తెలియదు. నేను వాడే కొలత సులువైనది. రేపు ఈ జాబితాలో కొత్త పేరు చేరితే దానికోసం ఎవరైనా కొత్త కోడ్ రాయాలా? రాయాలంటే ఈనమ్. ఊరికే చూపించడం, కూడటం, వడగట్టడం వరకే అయితే టేబుల్. లాటు దశ ఈనమే ఉండాలి, ఎందుకంటే గ్రేడింగ్ చేరితే ఏ దశ నుంచి ఏ దశకు పోవచ్చో మనమే రాయాలి. జిల్లా టేబుల్లో ఉండాలి.

ఈనమ్ తక్కువ వాడే చోట నేనే వాడమంటాను కూడా. బిల్లు వేసే ఫంక్షన్‌ను పిలుస్తూ ట్రూ, ఫాల్స్, ట్రూ అని మూడు పారేస్తారు. ఏది కమీషన్‌తో సహా, ఏది రైతు కాపీ, ఏది అప్పు బిల్లు అని చదివేవాళ్లు ఫంక్షన్ తెరిచి చూసుకోవాలి. రెండే విలువలున్నా సరే, దానికో ఈనమ్ రాసి పేరు పెట్టండి. 1970లో నిక్లాస్ విర్త్ తన పాస్కల్ భాషతో ఈ సౌకర్యాన్ని జనంలోకి తెచ్చింది అంకెల వెనక దాక్కున్న అర్థానికి పేరు పెట్టడానికే. ఆ పనికి దానంత మంచిది ఇప్పటికీ లేదు.

ఏ ఈనమ్‌లోనైనా నా కన్ను చివరికి పడేది "ఇతరాలు" అనే విలువ మీద. డిఫాల్ట్ అంటే కోడ్‌లో పెట్టిన ఇతరాలు, ఇతరాలు అంటే డేటాలో పెట్టిన డిఫాల్ట్. రిపోర్టులో ఏ వరస ఉబ్బుతోందో చూడండి, అదే.

చీనీ బిల్లులో కోతల జాబితా ఒకటుంది: కమీషన్, హమాలీ, కాటా కూలి, ఇతరాలు. మామూలుగా ఇతరాలు పదో పరకో ఉండాలి. మేం చూస్తే కొన్ని బిల్లుల్లో కమీషన్ కంటే ఎక్కువ ఉంది. తవ్వితే తేలింది, అది సూటు. చీనీ వ్యాపారం తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్ల కోసం చెబుతున్నా: టన్ను మీద ఇన్ని కిలోలని లెక్కలోకి రాకుండా అదనంగా తీసుకునే కాయ. దాని విలువను రూపాయల్లోకి మార్చి ఇతరాల్లో వేస్తున్నారు. బిల్లు చేతికి తీసుకున్న రైతు "ఇతరాలంటే ఏమప్పా?" అని అడిగితే కౌంటర్లో ఉన్న పిల్లోడు స్క్రీన్ వైపు చూస్తాడు, స్క్రీన్‌లోనూ అదే రాసుంటుంది.

మాకు వచ్చిన పని ఏంటంటే ఆ జాబితాను కాస్త సర్దమని. రివ్యూకి పంపిన మార్పులో (పుల్ రిక్వెస్ట్) కమీషన్, హమాలీ, కాటా మూడింటికీ కోడ్‌లు ఇచ్చారు, ఇతరాలకు కూడా ఒక కోడు ఇచ్చి, డిఫాల్ట్ తీసేసి, అన్ని కేసులూ రాసి, టెస్టులతో సహా పంపారు. కోడ్‌గా చూస్తే తప్పు పట్టడానికి ఏమీ లేదు. నేను అప్రూవ్ చేయలేదు. కోతలు ఏవేవి ఉండొచ్చో చెప్పాల్సింది మార్కెట్ నిబంధనలు, వేస్తున్నది వ్యాపారి, చూసుకోవాల్సింది రైతు. మన టీమ్ ఆ ముగ్గురిలో ఎవరూ కాదు. కాబట్టి కోతలు టేబుల్లోకి పోవాలి. ప్రతిదానికీ పేరు, ఎప్పటి నుంచి, ఎవరు చేర్చారు అనే కాలమ్‌లు ఉండాలి. ఇతరాలు అనే వరస ఉంటే దాని పక్కన ఫలానా అని రాయకుండా బిల్లు ప్రింటు కాకూడదు. ఇలా రాసి వెనక్కి పంపితే కొత్తమ్మాయి మొత్తం తిరగరాసింది, నేను అడగని పని ఇంకోటి కూడా చేసింది: పాత బిల్లుల్లో ఇతరాలు ఎంత ఉందో లాటు వారీగా ఒక లిస్టు తీసి జతచేసింది.

మా క్లయింటుకు ఇది నచ్చలేదు. "బిల్లులో సూటు అని అచ్చేస్తే ఎట్లప్పా, రైతులు గలాటాకు దిగుతారు" అన్నాడు. పేరు మార్చమన్నాడు, లేదంటే పాత పద్ధతే ఉంచమన్నాడు. పేరు టేబుల్లో ఉంది కాబట్టి మార్చుకోవడం ఆయన చేతిలో పనే, మేం రిలీజ్ చేయనక్కర్లేదు. కాకపోతే ఎవరు మార్చారో, ఏ తేదీన మార్చారో ఆ వరసలోనే నమోదవుతుందని చెప్పాం. ఆలోచించుకుని చెబుతానన్నాడు. ప్రస్తుతానికి సూటు అనే పేరే ప్రింటవుతోంది.